క్రిములకు ఊపిరి పోసిన వైనం

1911 ఆగస్టు 14, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. నా చేతికి మూడు గాజు గొట్టాలు వచ్చిన క్షణమది. గురువారం ఉదయానికి వాటిలో రెండింటిని నాశనం చేసి, మేనమామ కొలువును వీధి గుమ్మం దాకా సాగనంపి, నా ముందుపన్నులో సగం పోగొట్టుకున్నాను. మూడు రోజులలో ఇంత సాధించడానికి వట్టి మూర్ఖత్వం చాలదు. కొంత విద్య కూడా కావాలి. దురదృష్టవశాత్తూ నాకది ఉండేది.

మా చెరకు తోటల దీవిలో, సెయింట్ పియర్ ఊరి నుంచి నడిచి వెళ్లగల దూరంలో ఒక ఆసుపత్రి ఉండేది. మా మేనమామ నరసన్న అక్కడ గాయాలకు కట్లు కట్టేవాడు. ఆయన చలవతోనే, ఇరవై రెండేళ్ల నేను అక్కడి పరీక్షల గదిలో సీసాలు కడిగే పనిలో చేరాను. ఊళ్లో ఆయన రామభజనకు పెద్ద, నేను భజన దీపానికి కాపలా. గాలి అందకపోతే జ్వాల ముడుచుకుపోతుందని, ఆ క్షణమే గాజు చిమ్నీ ఎత్తాలని ఆయన నాకు ఏడవ ఏట నేర్పాడు. తరువాతి పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా దీపాన్ని ఆరనివ్వలేదు. పాఠకులు ఈ ఘనతను గుర్తుంచుకోవాలి. కొంప ముంచింది అదే.

ఆ ఆగస్టులో చక్కెర మిల్లు కార్మికుడొకడు అపెండిక్స్ పగిలి వచ్చాడు. పెద్ద సర్జన్ దొర కోసి కుట్టాడు. మూడవనాటికి గాయం చీము పట్టింది. ఆ కంపు వరండా దాటి, గులాబీ మొక్కలు దాటి, గేటు దగ్గర కట్టేసిన దొరగారి గుర్రాన్ని రెండడుగులు వెనక్కు వేయించింది. దొర తీర్పు వెంటనే వచ్చింది: "నరసన్న చేతుల మురికి!"

పారిస్‌లో చదివివచ్చిన చిన్న డాక్టరు ఒప్పుకోలేదు. చీము నుంచి క్రిములను పెంచి, అవి చేతుల మురికివి కావని చూపుతానని, గురువారం దాకా గడువు అడిగాడు. వారి వాదం సాగినంతసేపూ నేను పెరట్లో సీసాలు కడుగుతున్నాను. నాకు దక్కినది చివరి ఆజ్ఞ ఒక్కటే. మైనంతో మూసి, పైన రబ్బరు బిరడా బిగించిన మూడు గొట్టాలు చేతికిచ్చి, "వెచ్చని పెట్టెలో పెట్టు. పా తూసే, అప్పన్నా! గురువారం దాకా ముట్టుకోకు," అని ఆయన లెస్కాలియే అనే ఊరి వైపు జ్వరాల పని మీద వెళ్లిపోయాడు.

సాయంత్రం మామయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"అల్లుడూ, ఆ గొట్టాల్లో పురుగులు బతికితేనే నా కొలువు బతుకుద్దంట. జాగర్త!"

"నేనున్నాను మామయ్యా."

"అదేరా నా బయం."

మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. పీఠభూమి చలి, సన్నటి జల్లు. పెట్టె తెరిచి చూద్దును గదా, పైన మైనం, ఆపైన బిరడా, చీమ దూరే సందు కూడా లేదు! దీపానికే గాలి కావాలి. ప్రాణమున్న క్రిమికి అక్కరలేదా? తాకవద్దన్నారు కదా అంటారేమో. భజన దీపాన్ని కూడా తాకవద్దనే అంటారు, కాని చేతకాని వాళ్లను.

రెండు గొట్టాలు తెరిచి, వెడల్పాటి పళ్లేలలో పోసి, కిటికీ తీసి, తాటాకు విసనకర్రతో గంటసేపు విసిరాను. బాలింతకు కూడా అంత సేవ జరగదు. మూడవ దాని బిరడా వేళ్లకు లొంగలేదు. పళ్లతో పట్టాను. టప్పుమన్నది బిరడా కాదు. విరిగిన పన్ను చొక్కా జేబులోనూ, ఆ అభాగ్యపు గొట్టం పెట్టెలోనూ పెట్టి, పాపం దానికి ఆయువు లేదనుకున్నాను.

బుధవారానికి పళ్లేలలో తెల్లచుక్కలు, పసుపుచుక్కలు, ఒక మూల పచ్చటి బూజు!

"మామయ్యా, పెరిగాయి! పంట పండింది!"

ఆయన కళ్లు తుడుచుకుని, దారిలో కొన్న వేడి గాతో పిమాన్ పప్పు వడలు ఆరు నా చేతిలో పెట్టాడు. సగం పన్నుతో ఒక్కటి కొరకడానికి ఏడు నిమిషాలు పట్టింది.

గురువారం పది గంటలు. దొర పళ్లేలు చూసి నవ్వాడు. "ఇవి చర్మం మీదా, దుమ్ములోనూ ఉండేవి. నేనన్నది ఇదే కదా? నరసన్నా, మధ్యాహ్నం నుంచి నువ్వు రానక్కరలేదు."

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు. గోరు మామయ్యది, రోకలి నాది.

అప్పుడే ఊరి నుంచి తిరిగివచ్చిన చిన్న డాక్టరు నా వైపు తిరిగాడు. "కి తో ఫిన్ ఫేర్, అప్పన్నా? ఏం చేశావు?"

"గాలి ఇచ్చాను మిస్యే."

"దేనికి?"

"క్రిములకు. ఊపిరాడక చస్తాయని."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "బోన్ద్యే, దేవుడా! నేను గొట్టాల్లో పెట్టినవి మనందరి పేగుల్లోనూ కాపురముండే క్రిములు. పేగు పగిలితే బయటపడి చీము పట్టిస్తాయి. వీటికి గాలే విషం!"

మామయ్యకు అందరికంటే ముందు అర్థమైంది. "ఓరి నాయనో! దీపం అనుకున్నావేట్రా!"

అప్పుడు నిజం ఒప్పుకోక తప్పలేదు. "దొరా, తప్పు మామయ్యది కాదు. పళ్లేలలో పెరిగింది నా విసనకర్ర దుమ్ము. నన్ను తీసేయండి."

"మూడవ గొట్టం ఏది?" అన్నాడు చిన్న డాక్టరు.

"అది చచ్చే ఉంటుంది మిస్యే. ఎంత లాగినా మూత రాలేదు." సాక్ష్యంగా జేబులోని పన్ను చూపించాను.

ఆయన పన్ను వైపు చూడలేదు. పెట్టె వైపు పరుగెత్తాడు. గొట్టంలో ద్రవం మడ్డిగా మారి, అడుగున బుడగలు పుట్టి, మైనాన్ని పైకి నెట్టి ఉంది. పట్టకారుతో బిరడా లాగాడు. గది నిండిపోయింది. అదే కంపు! గేటు దగ్గర గుర్రం సకిలించింది. దొర జేబురుమాలు ముక్కుకు అదిమి, సూక్ష్మదర్శినిలో చూశాడు. దుమ్ములో ఉండేవాటికి పోలికే లేని సన్నటి పుల్లల వంటి క్రిములు. "నరసన్న ఉండవచ్చు," అని వరండాలోకి నడిచాడు. దుర్గంధానికి రెండు చేతులూ జోడించి మొక్కిన భక్తుణ్ణి నేను మా మామయ్యలోనే చూశాను.

ఆ మధ్యాహ్నమే గాయపు కుట్లు విప్పి, చీము కారే దారి పెట్టి, లోపలికి గాలి తగిలేటట్లు వెడల్పుగా వదిలారు. మామయ్య రోజుకు రెండుసార్లు కడిగి కట్టు మార్చాడు. సెప్టెంబరు 23న మిల్లు మనిషి తన కాళ్లతో ఇంటికి నడిచాడు.

"సూసినావా? గాలెట్టాల్సింది ఆడి కడుపుకి, సీసాకి కాదు!" అన్నాడు మామయ్య. ఆ మాటను మరి పంతొమ్మిదేళ్లు, ప్రతి భజనలో, నేను చిమ్నీ ఎత్తినప్పుడల్లా అన్నాడు. ఇప్పుడు అనేవాడు లేడు. చిమ్నీ ఎత్తి ఒక్క క్షణం ఆగుతాను. ఎవరూ నవ్వరు. దించుతాను.

కనుక ఆ దీపం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ప్రాణమున్నది ఏదైనా సరే, దానికి ఊపిరి కావాలో వద్దో కనుక్కోకుండా ఇక మూత తీయను, తీసినా, పళ్లతో తీయను.

పోయినవి: గొట్టాలు రెండు, ముందుపన్నులో సగం.
మిగిలినవి: గొట్టం ఒకటి, మామయ్య కొలువు, మిల్లు మనిషి ప్రాణం. పన్నులో మిగతా సగం నేటికీ ఉంది.