డార్విన్‌కు ఇద్దరు

డార్విన్‌లో దిగే తెలుగువాళ్లను విమానాశ్రయం నుంచి తెచ్చేది పాండురంగే. ఎవరూ ఆయనకు ఆ పని అప్పగించలేదు. నర్సు కావచ్చు, అకౌంటెంటు కావచ్చు, మెల్‌బోర్న్‌లో ఉద్యోగం దొరక్క పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, కావలసిన పాయింట్ల కోసం ఆస్ట్రేలియా ఉత్తర కొసకు వచ్చిన కుర్రాడు కావచ్చు, ఏసీ పనిముట్లతో నిండిన ఆయన వ్యాను వెనక సీటులోనే ఈ ఊరిని మొదటిసారి చూస్తారు. ఇల్లు దొరికేదాకా ఆయన ఇంటి వెనక గదిలో ఉంటారు. ఆయన భార్య అలివేలు వండింది తింటారు. పీఆర్ వచ్చిన నెలకో రెండు నెలలకో మెల్‌బోర్న్‌కు టికెట్ కొంటారు.

పాండురంగ దృష్టిలో అది ద్రోహం. సిద్దిపేట పక్క పల్లె నుంచి మెల్‌బోర్న్‌కు వంట కోర్సు చదవడానికి వచ్చి, ఆ కాలేజీ మధ్యలో మూతపడితే, ఆయన కూడా పాయింట్ల కోసమే ఇక్కడికి వచ్చాడు. కానీ ఉండిపోయాడు. తను ఉండిపోయాడు కాబట్టి అందరూ ఉండాలని ఆయన లెక్క. వెళ్లేవాళ్లకు వీడ్కోలు విందు ఇవ్వడు, చెయ్యి కలపడు. వాళ్లు విమానం ఎక్కేలోపు డార్విన్ తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తాడు. బోర్డింగ్ గేటు దగ్గర నిలబడి ఆ సందేశం చదువుకున్నవాళ్లు మెల్‌బోర్న్ శివారు టార్నీట్ నిండా ఉన్నారు.

ఇలాంటి మనిషి నాలుగేళ్లుగా పట్టుకున్న కోరిక ఒకటే. దేశంలోని తెలుగు సంఘాలన్నిటికీ పైన ఉన్న తెలుగు మహామండలిలో డార్విన్‌కు ఓటు కావాలి.

మహామండలిని పెట్టిన పెద్దలు నిబంధనలు సొంతంగా రాసుకోలేదు. ఆస్ట్రేలియా ఎగువ సభ సెనేట్‌ను ముందు పెట్టుకుని దించేశారు. అక్కడ 1901లో జనాభాతో పని లేకుండా ఒక్కో రాష్ట్రానికి ఆరుగురు సెనేటర్లు. ఇప్పుడు పన్నెండు మంది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌కు ఎంతో, చిన్న దీవి టాస్మేనియాకూ అంతే. మహామండలిలోనూ ఆరు రాష్ట్రాలకు ఆరేసి ఓట్లు. కాన్‌బెర్రావాళ్లు సిడ్నీ బృందంలో కలిసిపోయారు. మేమున్న నార్తర్న్ టెరిటరీ మాత్రం రాష్ట్రం కాదు కాబట్టి డార్విన్ ప్రతినిధి పరిశీలకుడు. మాట్లాడవచ్చు, భోజనం చేయవచ్చు, గ్రూప్ ఫొటోలో చివర నిలబడవచ్చు. చెయ్యి మాత్రం ఎత్తకూడదు.

దించినవాళ్లు సగమే దించారు. టెరిటరీ కథ అసలు సెనేట్‌లో అక్కడితో ఆగలేదు. ఒకప్పుడు ఈ నేల దక్షిణ ఆస్ట్రేలియాలో భాగం. 1911లో కేంద్రం చేతికి రాగానే ఇక్కడివాళ్ల ఓటు పోయింది. 1922లో దిగువ సభకు ఒక సభ్యుణ్ణి పంపనిచ్చారు, అతనికి ఓటు లేదు. పూర్తి ఓటు రావడానికి 1968 దాకా పట్టింది. సెనేట్‌లో ఇద్దరికి చోటిచ్చే చట్టం 1974లో ఉభయ సభలూ కలిసి కూర్చుంటే తప్ప గట్టెక్కలేదు. క్వీన్స్‌లాండ్‌తో సహా కొన్ని రాష్ట్రాలు హైకోర్టుకు వెళ్లాయి, ఒక్క న్యాయమూర్తి తేడాతో ఓడాయి. 1975 డిసెంబరులో టెరిటరీ తన మొదటి ఇద్దరు సెనేటర్లను ఎన్నుకుంది. మళ్లీ కోర్టుకు వెళ్లారు, మళ్లీ ఓడారు. అడగకుండా ఎవరూ ఏదీ ఇవ్వరు. ఇచ్చాక కూడా లాక్కోవడానికి కోర్టుకు వెళతారు.

ఇదంతా పుస్తకాల్లో చదివి పాండురంగకు చెప్పింది నేనే. ఆయన ఏసీ బిగిస్తూ విని, "అయితే మనకు గూడ ఇద్దరు" అన్నాడు. అంతే, తీర్మానం తయారైంది.

నిరుడు జూలైలో మహామండలి సభ క్వీన్స్‌లాండ్‌లోని టూవూంబాలో జరిగింది. డార్విన్ నుంచి ఆయనా నేనూ వెళ్లాం. కొండ మీది ఊరు, ఈ దేశానికి జూలై చలికాలం, పొద్దున గడ్డి మీద మంచు. పదిహేనేళ్లుగా చలి తెలియని పాండురంగ ఎవరిదో స్వెటర్ వేసుకుని, పళ్లు కొట్టుకుంటూ మాట్లాడాడు. టాస్మేనియా, దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా మా వైపు. చిన్నవాళ్ల బాధ చిన్నవాళ్లకు తెలుసు. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్ వద్దన్నాయి. అంటే అటు పద్దెనిమిది, ఇటు పద్దెనిమిది. సెనేట్‌లో సమానంగా వస్తే తీర్మానం ఓడినట్టే. ఆ నిబంధనను మాత్రం మనవాళ్లు శ్రద్ధగా దించారు. పైగా ఏ రాష్ట్రం చేతులు ఆ రాష్ట్రం కలిసే ఎత్తాలన్నది మహామండలి ఆచారం.

క్వీన్స్‌లాండ్ తరఫున నీలిమ లేచింది. బ్రిస్బేన్‌లో లాయరు. ఆమె చదవని సెక్షన్ లేదు.

"పాండురంగ గారూ, పర్సనల్‌గా తీసుకోకండి. సెనేట్ మాట మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. టెరిటరీ సీట్లు పార్లమెంట్ దయతో వచ్చినవి, స్టేట్స్‌లా కాన్‌స్టిట్యూషన్ గ్యారంటీ చేసినవి కావు. నైన్టీ ఎయిట్‌లో స్టేట్‌హుడ్ కావాలా అని అడిగితే మీ టెరిటరీవాళ్లే నో అన్నారు. అది కూడా పక్కన పెడదాం. అసలు డార్విన్‌లో ఎవరుంటున్నారండి? అది ట్రాన్సిట్ లాంజ్. పీఆర్ రాగానే అందరూ ఫ్లైట్ ఎక్కేస్తారు. లేని జనానికి ఓట్లేంటి?"

హాలంతా నవ్వింది. అది పాండురంగ మాటే. అంతకంటే ఘోరంగా ఆయన మా అందరితో వందసార్లు అని ఉంటాడు.

అధ్యక్షుడు సిడ్నీ సుందరరామయ్య అంకుల్ టీకి విరామం ఇచ్చారు. పాండురంగ బయట ఎండ పడే చోట నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టకుండా మాట్లాడటం ఆయనకు రాదు.

"ఏమైంది? ఇచ్చిన్రా?" అంది అలివేలు.

"సమానం అయితది. సమానమంటే పోయినట్టే. అటు దిక్కుకెళ్లి ఒక్క చెయ్యి లేస్తే చాలు."

"కౌశల్ ఉన్నడు గద ఆడ, విక్టోరియోళ్లల్ల. హరిప్రియ ఉన్నది, ఆ ఊర్లనే ఉంటది. పోయి అడుగు."

"నీకెట్ల తెలుసు వాళ్లున్నరని?"

"నువ్వు గ్రూపులకెళ్లి తీసేసినోళ్లందరితోని నేను మాట్లాడుతనే ఉన్న. ఇంట్ల ఒక్కళ్లకన్న మర్యాద ఉండాలె గద."

"పారిపోయినోళ్ల కాళ్లు పట్టుకోవాల్నా నేను?"

"పారిపోయిన్రా? మరి నువ్వు సిద్దిపేటకెళ్లి పారిపోయినవా, పనికి వచ్చినవా? పెట్టేస్తున్న, పొయ్యి మీద పప్పున్నది."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నుంచి ఆ ఇద్దరినీ చూడనట్టే నటిస్తున్నాడు. చూడకుండానే వెళ్లిపోతే తీర్మానం పోతుంది. చూస్తే తన మాట పోతుంది. చివరికి టీ బాయిలర్ వైపు నడిచాడు.

కౌశల్‌ది గుడివాడ. డార్విన్‌లో ఉన్నన్నాళ్లూ ఆ వెనక గదిలోనే ఉన్నాడు. ఇప్పుడు టార్నీట్‌లో ఇల్లు, నగరంలో బ్యాంకు ఉద్యోగం.

"నమస్తే అన్నా," అన్నాడు, కప్పు కింద పెట్టి.

"ఊఁ. నిన్ను గ్రూపులకెళ్లి తీసేసిన."

"తెలుసన్నా. గేటు దగ్గరున్నా, టింగుమంది. ఫ్లైట్‌లో ఏడిస్తే పక్కావిడ టిష్యూ ఇచ్చింది."

"మగపిల్లవానివి, ఏడ్సుడేంది?"

"చూశావా, ఇప్పుడు కూడా తిట్టడమే!"

పక్కనే ఉన్న హరిప్రియ పకపకా నవ్వింది. నంద్యాల పిల్ల. డార్విన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, టూవూంబాకు మారి, ఇప్పుడు క్వీన్స్‌లాండ్ బృందంలో ఉంది.

"ఏమన్నా, మాతో పనిబడిందా నీకు?"

"పడింది. ఒక్క చెయ్యి గావాలె."

"అడుగుతాండావా, ఆర్డరేస్తాండావా?"

పాండురంగ మెడ గోక్కున్నాడు. "అడుగుతున్న."

"ఇంగోసారి చెప్పు, సరిగ్గా ఇనపళ్లే."

"అడుగుతున్న తల్లీ! మీరు పోయిన్రని కోపం చేసిన. పోవుడు మీ తప్పు కాదు. కోపం నా తప్పు. సాలా?"

హరిప్రియ నవ్వు ఆపింది. "నాకు నైట్ డ్యూటీ పడితే నా బిడ్డను పండబెట్టుకునింది వదిన. నీకోసం గాదు, వదినకోసం ఎత్తుతా."

"ఎవరికోసమైతేంది, ఎత్తు. మిమ్మల్ని మళ్ల గ్రూపుల ఏస్తా."

"వద్దు సామీ, ఆ గుడ్ మార్నింగులు చూడలేక సస్తిమి."

కౌశల్ ఏ మాటా ఇవ్వలేదు. విక్టోరియా బృందం మాట కాదంటే వచ్చేసారి అతన్ని ఎవరూ పంపరు. టీ తాగేసి లోపలికి వెళ్లిపోయాడు. పాండురంగ మొహం వాడిపోయింది.

సభ మొదలయ్యాక ఓటింగ్‌కు ముందు అధ్యక్షుడు ఎవరైనా మాట్లాడతారా అని మొక్కుబడిగా అడిగారు. కౌశల్ లేచాడు.

"అంకుల్, ఒక్క నిమిషం. నీలిమ గారు ట్రాన్సిట్ లాంజ్ అన్నారు. కరెక్టే. నేను ఆ లాంజ్‌లోంచే వచ్చా. ఇక్కడ ఇంకా ఎవరైనా వచ్చుంటే కాస్త లేచి నిలబడండి."

మొదట హరిప్రియ లేచింది. విక్టోరియా వరుసలో మరొకతను లేచాడు. సిడ్నీ బృందంలో ఇద్దరు ఒకరినొకరు చూసుకుని లేచారు. హోబార్ట్ నుంచి వచ్చిన ఆమె లేచి, "నేను కూడానండి, రెండేళ్లు," అంది. వెనక వంట చూస్తున్న మనిషి గరిటె పట్టుకుని, "నాకు ఓటు లేదు గానీ నేనూ ఉన్నా," అన్నాడు. హాలు మళ్లీ నవ్వింది. ఈసారి నవ్వు మా వైపు ఉంది.

"లేని జనం అన్నారుగా," అన్నాడు కౌశల్. "వీళ్లే ఆ జనం. మాకు ఈ దేశంలో కాగితాలు వచ్చింది డార్విన్‌లో. మొదటి అన్నం తిన్నది డార్విన్‌లో. మేం ఇల్లు మారితే మెల్‌బోర్న్ లెక్క పెరిగింది, డార్విన్ లెక్క తగ్గింది. మేం బలిసిన చోట ఓట్లిచ్చి, మమ్మల్ని పెంచిన చోట వట్టి కుర్చీ ఇస్తారా? నేను చెయ్యెత్తుతున్నా. మా బృందం ఏమన్నా అనుకోనీండి."

చేతులు లేచాయి. చిన్న రాష్ట్రాలవి ముందే లేచాయి. తర్వాత లేచి నిలబడినవాళ్లవి. ఆ పక్కన కూర్చున్నవాళ్లు మొహమాటంతో కొందరు, నిజంగా మనసు మారి కొందరు. బృందాల నాయకులు వెనక్కి తిరిగి కళ్లురిమారు గానీ అప్పటికే ఆలస్యమైంది. ఇరవై ఏడు, తొమ్మిది.

పాండురంగ అరిచిన అరుపుకు పక్క గదిలో ఆడుకుంటున్న పిల్లలు, "వాట్ హ్యాపెండ్?" అంటూ పరిగెత్తుకొచ్చారు. ఆయన నన్ను ఎత్తి దింపాడు. కౌశల్‌ను ఎత్తబోయాడు, బరువుకు ఆగిపోయాడు. నీలిమ చివరిదాకా వద్దనే ఓటేసింది. తర్వాత తనే వచ్చి చెయ్యి చాచింది. "జనాన్ని ఇప్పటి అడ్రస్‌తో లెక్కపెట్టా. అక్కడే ఓడిపోయా," అంది. మంచి శత్రువు. మనలో అలాంటివాళ్లు అరుదు.

ఆ క్షణం నుంచే అమలు అని సుందరరామయ్య అంకుల్ ప్రకటించి, మమ్మల్నిద్దరినీ బల్ల దగ్గరికి పిలిచి కూర్చోబెట్టారు. ఆకలి మీదున్న సభ, వచ్చే ఏడాది ఎక్కడ కలుద్దామన్న అంశాన్ని హడావుడిగా తీసుకుంది. గోల్డ్‌కోస్ట్ అని ఎవరో అన్నారు. అందరూ సరేనన్నారు.

"ఆగుండ్రి," అన్నాడు పాండురంగ. "డార్విన్‌ల పెట్టుండ్రి. నవంబర్ల."

"నవంబర్‌లోనా!" నీలిమ కుర్చీలోంచి సగం లేచింది. "ఉడికిపోతామండీ!"

"ఉడకుండ్రి. మేము ఉడుకుతలేమా?"

"ఓటు పెట్టమంటారా?" అన్నారు అంకుల్, నవ్వు ఆపుకుంటూ.

"పెట్టాలె."

పెట్టారు. కౌశల్ చేతులు కట్టుకుని తల అడ్డంగా ఊపాడు. హరిప్రియ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ముప్పై ఆరు మందిలో ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. ఎత్తింది పాండురంగ, నేను.

"అనుకూలం, ఇద్దరు," అని మైకులో చదివారు అంకుల్.

పాండురంగ ఆ చెయ్యి దించలేదు. మినిట్స్‌లో రాసేదాకా అలాగే పట్టుకుని, "రాసిన్రా? ఇద్దరు అని రాసిన్రా?" అని అడుగుతూనే ఉన్నాడు.