ఉదయగిరిలో పడమటి ఉదయం

తొంభైల్లో, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న రోజులు. ఆత్మకూరులో టీచరుగా పనిచేసే మా మేనమామ సాఫ్ట్ పేస్టల్స్ డబ్బా తెచ్చిచ్చాడు. చూడ్డానికి రంగు సుద్దముక్కలే గానీ, వేలితో రుద్దితే ఒక రంగు ఇంకో రంగులోకి కరిగిపోతుంది. ఆ సంగతి విని మా చర్చి పాస్టరుగారు, ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకు వేదిక వెనక గోడకి పెద్ద సూర్యోదయం బొమ్మ గీసిమ్మన్నారు. నా బొమ్మ ఊరంతా చూడాలని నాకు మహా ఆశ. చిక్కల్లా ఒకటే. బుద్ధెరిగాక నేను టీవీలో తప్ప సూర్యోదయం చూసిన పాపాన పోలేదు.

సాయంత్రాలు మాత్రం రోజూ మిద్దె మీదే ఉండేదాన్ని. ఊరి పేరు ఉదయగిరి గానీ, మా మిద్దె మీంచి చూస్తే కొండ వెనక పొద్దు గూకుతుంది. పెద్ద కాగితం మీద అదే గీసేశాను. అడుగున నారింజ, పైన గులాబి, ఆ పైన ఊదా. వేళ్లు మండేదాకా రుద్దాను. ఎప్పుడు చూసినా సూర్యుడు సూర్యుడే కదా అనుకున్నాను.

మా అవ్వ వచ్చి చూసింది.

"ఏందిమే, మన కొండెనకాల పొద్దు ఎప్పుడు పొడిచినాది? ఇది గూకే పొద్దు గదా. చర్చి అయ్యగారికి తెలిసిందంటే గోడ మీంచి పీకి పారేస్తాడు."

"నువ్వు చెప్తేనే గదా తెలిసేది. చెప్పు, నీ బొడ్లో దోపుకున్న పొగాకు సంగతి నేనూ చెప్తా."

పొగాకు నమిలేవాళ్లను పాస్టరుగారు ప్రసంగంలో ఉతికి ఆరేసేవారు. ముందు వరసలో కూర్చుని గట్టిగా ఆమెన్ అనేది మా అవ్వే. "సరేలేమే," అని వెళ్లిపోయింది.

ఈస్టర్ నాడు చీకటితోనే చర్చికి పోయాం. ట్యూబులైటు వెలుగులో నా బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. తెల్ల జుబ్బాలో ఉన్న పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆయాసమొచ్చి గోడ మీది బొమ్మకే ఆనుకున్నారు, కాస్త అటూ ఇటూ కదిలారు కూడా. ఆ రంగు అంటుకుంటుందని ఆయనకు ముందే చెప్పాలని నాకు తోచలేదు. ప్రార్థనకని అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన వెనక్కి, కుర్చీ వైపు తిరిగి మోకరించారు. వీపు నిండా నారింజ, గులాబి, ఊదా. గోడ మీద సూర్యుడు సగం లేడు.

నాకు ఏడుపొచ్చేసింది. ప్రార్థనలో కళ్లు మూసుకోని మనిషి ఇంకొకరున్నారు. అవ్వ నా చెవిలో గొణిగింది.

"ఏడవబాకమే. అయ్యగారిని పైకి లెయ్యనీ, పొద్దు పొడుస్తాది."

ఆమెన్ అని ఆయన మెల్లగా లేచి నిలబడ్డారు. ఉదయగిరిలో నేను చూసిన మొదటి సూర్యోదయం అదే.