బొట్టు కింద ఆయిల్ ముల్లు: బళ్ళారి నుంచి సండూరుకు

చెప్పొద్దూ, ఆ ప్రయాణం కడుపుమంటతోనే మొదలైంది. అరవైల నాటి మాట. బళ్ళారి బజారులో నాది బట్టల అంగడి, మా తోడల్లుడు నాగరాజుకు నూనె మిల్లు. ఆ ఏడు వాడు కొత్త తెల్లకారు కొన్నాడు. నాకూ ఒక పాత నల్లకారు ఉంది. అయినా మామగారు ఎప్పుడూ వాడి కారే ఎక్కేవారు. ఆయన విజయదశమికి సండూరు పోయి వాళ్ళన్నగారికి బన్ని ఆకు, అదే జమ్మి ఆకు, ఇచ్చి రావాలన్నారు. ఈసారైనా అక్కడ అందరి ముందూ ఆయన నా బండిలోంచి దిగాలని నా పంతం. తెల్లారేసరికి మళ్ళీ తెల్లకారులోనే కూర్చున్నారు!

ఆరింటికి బయలుదేరాం. కుడతిని మీదుగా తోరణగల్లు, అక్కడ ఎడమకు తిరిగితే సండూరు. బస్సుచార్జీ కంటే పెట్రోలుకే ఎక్కువవుతుంది. ముందు తెల్లకారు, దాని దుమ్మంతా నా మొహాన. కుడతినిలో ఇడ్లీలు తింటుంటే నాగరాజు, "ఏమన్నా, నీ బండి వస్తాండాదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

తోరణగల్లు దాటాక వాణ్ణి దాటేద్దామని గట్టిగా తొక్కాను. ఇంజనులో టకటక మొదలైంది. "ఏందా సద్దు?" అంది మా ఆవిడ కమలమ్మ. డాష్‌బోర్డు మీద ఆయిల్ ఒత్తిడి చూపే ముల్లు చూద్దామంటే దాని అద్దం నిండా గంధం, కుంకుమ. ముందురోజు ఆయుధపూజలో ఆమె పెట్టిందే. పూజబొట్టు దానంతటదే రాలాలిగానీ తుడవకూడదని మా ఇళ్ళలో పట్టింపు. ఆమె వద్దంటున్నా గోటితో గీకాను. ముల్లు సున్నా మీద పడుకుంది. వెంటనే ఇంజను ఆపేశాను.

నాగరాజు వెనక్కి వచ్చాడు. "తాడు ఉండాదన్నా, కట్టి లాగుతా." నా ప్రాణం చచ్చిపోయింది. అంతలో మామగారు దిగి వచ్చి, కూతుర్ని తెల్లకారులోకి పంపి నా పక్కన కూర్చున్నారు.

"మామా, ఇది నడవదు."

"అదే మేలప్పా. నాగడు తోల్తాంటే కడుపులో తిప్పుతాండాది."

ఉండబట్టలేక అడిగేశాను. "మరి ఇన్నాళ్ళూ నా బండి ఎందుకెక్కలేదు?"

"నువ్వెప్పుడు పిలిచినావప్పా? వాడు తలుపు తీసి పట్టుకుంటాడు."

సండూరులో ఆయన నా బండిలోంచే దిగారు, తాడుతో సహా అందరూ చూశారు.

పండగైనా మెకానిక్ మస్తాన్ అంగడి తీసే ఉంది. ఆయిల్ పంపు చక్రాల పండ్లు అరిగిపోయాయట. "టైముకి ఆపినారు సాబ్, బేరింగులు బతికినాయి" అన్నాడు. కొత్త పంపు మరునాడు బళ్ళారి బస్సులో రావాలి. సాయంత్రం నాగరాజు మిల్లుందని బయలుదేరి, అలవాటుగా తలుపు తీసి పట్టుకున్నాడు. నేను అడ్డం వెళ్ళి, "మామా, రేపు నా బండిలో రాండి" అన్నాను.

"నువ్వు పోప్పా నాగా" అన్నారాయన. "పెద్దల్లుడు పిలిచినాడు."

నా ఏడుపు అంతటితో పోయిందంటే అబద్ధం. తర్వాత వాడు ఇంకో కారు కొంటే మళ్ళీ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. కానీ తిరుగుదారిలో ముల్లు నిటారుగా నిలబడింది, మామగారు దారంతా నా పక్కన గురకపెట్టి నిద్రపోయారు. ఆ గురక వినాలనే కుడతిని దాకా నెమ్మదిగా తోలాను. పాత బండిలో పోయేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: పూజబొట్టు స్టీరింగు మీద పెట్టించండి, ఆయిల్ ముల్లు అద్దం మీద మాత్రం వద్దు.