వకుళ మేడమ్ చెవుల్లో దూది

పోపులో ఆవాలు చిటపటలాడితే ఈ రోజుకీ నా చేతిలో గరిటె ఆగిపోతుంది. తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెడతాను. పోపు మాడాక మా అమ్మాయి నవ్వుతుంది. దానికేం తెలుసు, తొంభైల చివర తిరుపతిలో నా బతుకంతా అలాంటి చప్పుడు మీదే ఆధారపడి ఉండేదని! ఆ చప్పుడు వినడం నేర్పినవారు నా పరిశోధనకు గైడు, వకుళ మేడమ్. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆమె పక్కన ఉంటే ఎండాకాలం మధ్యాహ్నం కూడా కునుకు పట్టేది కాదు.

మా పని మిడతలతో. రేణిగుంట చేలల్లో పట్టిన మిడతను మైనంలో నిలిపి, కాళ్లు మాత్రం వదిలేసి, దాని కంటి ముందుకు ఒక నల్లటి బిళ్లను వేగంగా తెచ్చేదాన్ని. మీదికి ఏదో వస్తోందన్న కబురును కాళ్ల వైపు మోసే నాడీకణం ఒకటి దానిలో ఉంటుంది. దాని పక్కన సన్నని తీగ పెడితే, కణం స్పందించినప్పుడల్లా పాత రేడియో స్పీకరులో 'టక్'మనేది. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. ఒక ప్రాణి చూస్తోంది, ఆ చూపును నేను వింటున్నాను!

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. అదే బిళ్ల, అదే దూరం, అదే వెలుతురు. ఒకసారి ఇరవై టక్కులు, మరోసారి ఏడు, ఇంకోసారి పదిహేను. నా చేతిలోనే లోపముందనుకున్నాను. ఫెలోషిప్ ఏడాదిలో అయిపోతుంది. ఈలోగా ఫలితం తేలకపోతే పరిశోధనకు నీళ్లొదులుకోవాల్సిందే. నగరి నుంచి నాయన ఫోన్లో అననే అన్నాడు: "సాల్లేమ్మా, వచ్చెయ్. ఈడ బడిలో టీచరు పని ఖాళీగా ఉండాది."

నేను మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. తెగిన పోగును ముడి కనబడకుండా అతకడం మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆ నేర్పే నోటుబుక్కు మీద చూపించాను. పెన్సిల్‌తో రాసినవే కాబట్టి, సగటుకు మరీ దూరంగా ఉన్న అంకెలన్నీ రబ్బరుతో తుడిచేశాను. మూడు నెలల్లో నా పట్టిక ఎంత ముచ్చటగా తయారైందో!

మేడమ్ ఆ పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. చెరిపిన గీతలు కనబడ్డాయి.

"ఈడుండిన ఏడు యాడికి పోయిందమ్మా?"

"అది లెక్కలోకి రాదనుకున్నాను మేడమ్."

"రాదని ఎవురు చెప్పినారు? మిడత చెప్పిందా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె కసరలేదు, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "తిరుచానూరులో అమ్మవారు ఒక్కటే కదా. ఉపవాసముండి వచ్చినామె కండ్లనీళ్లు పెట్టుకుంటాది. బస్సు పోతాదేమోనని వచ్చినాయన గడియారం చూసుకుంటాడు. అమ్మవారు మారిందా? బిళ్ల మారలేదమ్మా. మిడత ఎట్లుండాదో చూసినావా నువ్వు?"

చూడలేదు. నేను బిళ్లనే చూశాను.

మళ్లీ మొదటి నుంచి, ఈసారి పెన్నుతో. మేడమ్ ఒక చిత్రమైన ఏర్పాటు చేశారు. టక్కుల లెక్క తన కంటిని తప్పుదారి పట్టిస్తుందని చెవుల్లో దూది కుక్కుకుని, బిళ్ల కదిలే ముందు మిడత కాళ్లు ఆడిస్తోందా, ఊరికే ఉందా అన్నది మాత్రమే రాసుకునేవారు. నేను మిడతకు వీపు పెట్టి టక్కులు మాత్రమే లెక్కపెట్టేదాన్ని. మూడో వారం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాం. ఆమె 'కాళ్లాడించింది' అని రాసినచోట నా అంకెలు దాదాపు అన్నీ పెద్దవి. 'ఊరికే ఉంది' అన్నచోట చిన్నవి!

"చూసినావా! కన్ను ఒక్కటే కాదమ్మా, ఒళ్లంతా కలిసి చూస్తా ఉండాది!" చెవుల్లో దూది తీయడం మరిచి ఆమె అరిచిన అరుపుకు పక్కగదిలోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. నేను గెంతులేశాను. అన్ని తేడాలూ దానితో తీరలేదు. "తీరనివి కూడా రాయి, ఇంకొకరికి పని ఉండాల కదా" అన్నారు.

థీసిస్ పూర్తయ్యాక ఆమె ఒక్క వాక్యం అడిగారు. "మొదటి మూడు నెల్ల లెక్కలు తుడిచినానని రాయి." "రాస్తే డిగ్రీ పోతుందేమో మేడమ్" అన్నాను. "పోతే పోనీ. ఆ మిడతలు ఊరికే చచ్చినాయా?" అన్నారు. రాశాను. పరీక్షకు వచ్చిన పెద్దాయన ఆ వాక్యం దగ్గర ఆగి, కళ్లజోడు తీసి నన్ను చూసి, పేజీ తిప్పారు. డిగ్రీ వచ్చింది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థి చేతా మొదటి రోజే నా థీసిస్‌లో ఆ వాక్యమున్న పేజీ పైకి చదివిస్తాను. ఇన్నేళ్లయినా వింటుంటే సిగ్గుతో తల దించుకుంటాను. అయినా చదివిస్తాను.