గోడను చూడవచ్చినవాళ్లు

మా ఆడపడుచు ఫిలోమెనా వదినకు యాభై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆవిడ నోట పడని మనిషి మా లోయలో ఉన్నాడంటే, వాడింకా పుట్టి ఉండడు. అయితే అన్ని తిట్లలోకీ మేలైనవాటిని ఏరి దాచిపెట్టుకునేది. అవి గోడను చూడడానికి వచ్చేవాళ్లకు మాత్రమే దక్కేవి.

గోడ అంటే మా ఊరికి దక్షిణాన నిలబడ్డ కొండ ఉత్తరపు ముఖం. పన్నెండు వందల మీటర్ల నిటారు రాయి, మధ్య మధ్య మంచు అతుకులు. పటాల్లో దానికి ఏదో పెద్ద పేరుంది. మేము గోడ అనే అంటాం. నవంబరులో మార్టిన్ పండుగ నాడు సూర్యుణ్ణి మింగిందంటే, ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగ దాటాక గానీ కక్కదు. ఆ మూడు నెలలూ ఆరేసిన బట్టలు అట్టల్లా బిగుసుకుంటాయి. ముసలివాళ్లు దగ్గుతారు. ఆవులు పాలు తగ్గిస్తాయి. అలాంటిదాన్ని చూడడానికి జూరిక్ నుంచీ మ్యూనిక్ నుంచీ మనుషులు వస్తారు! బస్సు దిగాక మూడు గంటలు నడిచి వస్తారు. వచ్చి టోపీ తీసి నిలబడతారు. కొందరు ఏడుస్తారు కూడా. గుబురు మీసాలున్న మగవాడొకడు దాని ముందు నిలబడి ముక్కు చీదుకోవడం నా కళ్లతో నేను చూశాను.

"పాపం, ఎవరు పోయారంట?" అని అడిగింది వదిన, అతనికి వినబడేలా.

వదినకు ఇరవై ఏళ్లప్పుడు పక్క లోయ నుంచి ఒక గైడు పెళ్లాడతానని వచ్చాడట. గోడ ఎక్కి, నీ పేరు రాసిన గుడ్డ శిఖరాన కట్టి వస్తానన్నాడట. "గుడ్డ ఎందుకయ్యా, దిగేటప్పుడు ఒక మోపు గడ్డి తెచ్చెయ్" అందట ఈవిడ. గోడ మీద గడ్డిపోచ మొలవదు. అతను మళ్లీ కనబడలేదు. అందుకు వదిన బెంగపడిందని ఎవరూ అనగా నేను వినలేదు.

మా గడ్డి గోడకు ఎదుటి వాలు మీద, ఎండ తగిలే పక్కన ఉంటుంది. ఆవులు కూడా ఎక్కలేనంత ఏటవాలు. అక్కడి గడ్డి ఎవరి సొత్తూ కాదు. ఆగస్టులో మరియమ్మ పండుగ మర్నాడు తెల్లవారేసరికి ఎవరు ముందుగా చేరి కొడవలి పాతితే ఆ ముక్క ఆ ఏడాదికి వాళ్లది. ముప్పై ఏళ్లలో వదిన ఒక్కసారి కూడా వెనకబడలేదు. బూట్లకు ఇనుప మేకులు కట్టుకుని, ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లాన పెట్టి పొద్దస్తమానం కోసేది. జారితే మూడు వందల మీటర్ల కింద ఏటి రాళ్ల మీద పడతాం. తాడు కట్టుకుంటే కోత సాగదు కనుక కట్టుకోం. మమ్మల్ని చూడడానికి ఇంతవరకూ ఎవరూ బస్సు దిగి రాలేదు.

ఆరిన గడ్డిని వలలో మోపు కట్టి, చెక్క కొక్కేనికి తగిలించి, ఇనుప తీగ మీద కిందికి వదులుతాం. తీగ పై కొన వాలు మీద, కింది కొన లోయలో కొట్టం దగ్గర. పైన వదినా నేనూ, కింద మా ఆయన ఆంబ్రోస్. అరవై కిలోల మోపు ఈల వేసుకుంటూ నిమిషంలోపే దిగిపోతుంది. దాని దారిలో మనిషి ఉంటే ఇక అంతే. అందుకని ఒక కట్టుబాటు ఉంది. పైవాళ్లు తీగ మీద కర్రతో రెండు దెబ్బలు వేస్తారు, సిద్ధమేనా అని. కింది మనిషి అంతకుముందు దిగిన మోపును విప్పుకుని, పక్కకు తప్పుకుని, మూడు దెబ్బలు వేస్తాడు, వదలమని. ఆ దెబ్బలు తీగ వెంట పైదాకా వస్తాయి. పొగమంచులో ఏమీ కనబడనప్పుడు మాకు అవే కళ్లు. మా మామగారి కాలం నుంచీ ఇదే పద్ధతి, ఇది తప్పి ఎవరూ దెబ్బ తినలేదు.

ఆ ఏడాది పండుగ ముందు రెండు వారాలు వాన కురిసి, నాలుగు రోజులు తెరిపి ఇచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఇంకా పదకొండు మోపులు మిగిలాయి. సారా కలిపిన కాఫీ ఒక గుక్క తాగి లేవబోతున్నాం. అప్పుడు వచ్చాడు డాక్టర్ ఎర్హార్ట్, వెనక ఇద్దరు కుర్రకారు శిష్యులతో. డాక్టరంటే మందులిచ్చేవాడు కాదు, రాళ్ల గురించి చదువుకున్నవాడు. గోడ మీద వ్యాసాలు రాశాడు. దాన్ని రెండుసార్లు ఎక్కబోయి రెండుసార్లూ దిగివచ్చాడు. అదొక ఘనత వాళ్లలో.

"అమ్మా, మేమిక్కడ కాసేపు కూర్చోవచ్చునా? గోడ ఇంత చక్కగా కనిపించే చోటు ఆల్ప్స్ మొత్తంలో మరొకటి లేదు" అన్నాడు టోపీ తీసి.

"కూర్చోండి బాబూ. పెళ్లిచూపులకొచ్చినోళ్లని కాదంటామా?" అంది వదిన.

"మీరు అదృష్టవంతులు. రోజూ మీ కళ్లెదుటే ఉంటుంది."

"అయ్యో, మా అదృష్టం ఏం చెప్పమంటారు! తిండి లేకపోయినా దాన్ని చూసుకునే కడుపు నింపుకుంటాం. ఆవుల్ని కూడా దానికేసి తిప్పి కట్టేస్తాం. పాలు వాటంతటవే కారతాయి."

నేను మోపు చాటుకు పోయి నవ్వుకున్నాను. ఆయనా నవ్వాడు, అది మర్యాద అనుకుని.

"మీకెప్పుడూ దాన్ని ఎక్కాలనిపించలేదా?" అన్నాడు.

"ఎక్కి ఏం చెయ్యాల?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఏమీ చేయనక్కర లేదమ్మా. అందులోనే ఉంది గొప్పతనం."

"విన్నావటే మరదలా? ఏమీ చెయ్యక్కర్లేదంట! ముందే తెలిస్తే నేనూ చదువుకుందునే!"

వాళ్లు మాకు నూరడుగుల కింద ఒక రాతి గుండు మీద దుర్భిణి నిలబెట్టుకున్నారు. అక్కడ తీగ గుండుకు కాస్త ఎడంగా, మనిషి ఛాతీ ఎత్తున పోతుంది. వాళ్ల మాటలు మాకు వినబడుతూనే ఉన్నాయి. "ఎంత మౌనం!" అంటాడొకడు. "ఎంత నిరాకరణ!" అంటాడు ఇంకొకడు. వదిన తలగుడ్డ తీసి, చేయి గుండెల మీద వేసుకుని, గడ్డి మోపు ముందు మోకరిల్లింది. "ఓ మోపూ! ఎంత మౌనమే నీది! ఎంత నిరాకరణే! నన్ను తినెయ్యవే!" అంది. నవ్వి నవ్వి నాకు కళ్లవెంట నీళ్లు కారాయి.

అలా ఆడుతూనే మోపు కొక్కేనికి తగిలించి, తీగ మీద రెండు దెబ్బలు వేసింది.

కింద ఆంబ్రోస్ ముందు మోపును ఇంకా విప్పుకోలేదు. వల కొక్కేనికి చిక్కుపడితే, దారికి అడ్డంగా నిలబడి రెండు చేతులతో లాగుతున్నాడు. రాతిగుండు దగ్గర తీగ మోగేసరికి శిష్యుడొకడు "గోడ పలికింది!" అన్నాడు. డాక్టరు సంబరంతో మంచుగొడ్డలి తిప్పి, దాని ఇనుప కొనతో తీగను కొట్టాడు. మూడుసార్లు. ఎందుకు మూడు అని తర్వాత అడిగితే, తనకే తెలియదన్నాడు.

వదిన మోపు వదిలేసింది.

మామూలుగా కింద రెల్లుకట్టల మెత్త మీద పడి ధబ్బుమంటుంది. ఆ రోజు అలా అనలేదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి, గోడను చూడవచ్చినవాళ్లు ఆ సాయంత్రం పనికొచ్చారు. మాకంటే ముందు దిగి, తాళ్లతో డోలీ అల్లి, ఆంబ్రోస్‌ను కుదుపు లేకుండా రోడ్డుదాకా మోశారు. పట్నం ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంటాడో పోతాడో తెలియకుండా గడిచింది. పదో రోజు కళ్లు తెరిచాడు. అప్పటికే కుడికాలు తొడ దగ్గర తీసేశారు. మేకుల బూట్లు ఇక అతనికి అక్కరలేదు. మిగిలిన పది మోపులూ వానలో కుళ్లాయి. వాటి కోసం ఎవరూ పోలేదు.

పన్నెండో రోజున డాక్టర్ ఎర్హార్ట్ చూడడానికి వచ్చాడు. చేతిలో కాగితం చుట్టిన పెద్ద పలక. విప్పితే గోడ ఫోటో, అద్దం వేసి, చట్రం కట్టించి! నా కొంపను కూల్చినదాన్ని బంగారు రంగు చట్రంలో పెట్టి నా చేతికిచ్చాడు మహానుభావుడు. ఆంబ్రోస్ దాన్ని చూసి "వద్దు బాబూ, మా కిటికీలోంచి ఎట్లాగూ కనపడుద్ది" అన్నాడు నీరసంగా.

డాక్టరు మంచం పక్కన కూలబడి ఏడ్చాడు. "తప్పంతా నాది. నేను ఆ తీగను తాకకపోతే మీరు..." అన్నాడు.

వదిన ఆసుపత్రి గది గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇప్పుడు ఇతన్ని ఉతికి ఆరేస్తుందని ఎదురుచూశాను. చెప్పొద్దూ, ఆ తిట్లు వినాలని నా చెవులు కోసుకుంటున్నాయి.

"కొట్టింది ఆయనే తమ్ముడూ" అంది వదిన. "కానీ ఇనుముతో కొట్టాడు. నువ్వెప్పుడూ చెక్కతో కొడతావు. తేడా నా చేతికి తెలిసింది. ఆకాశం తేటగా ఉంది. తల తిప్పితే నువ్వు కనపడేవాడివి. నేను తిప్పలేదు."

ఆంబ్రోస్ అక్క వైపు తల తిప్పాడు. "ఏం చేస్తన్నావక్కా అప్పుడు?"

"వీళ్లని ఎక్కిరిస్తన్నా."

"మరి ఇది?" అని నా వైపు చూపించాడు.

"మోపులు కడతా ఉంది. దాని మొహం అటుంది. దానికేం తెలుసు?" అంది వదిన, నా వంక చూడకుండా.

అది అబద్ధం. నా మొహం కొట్టం వైపే ఉంది. ఆంబ్రోస్ రెండు చేతులూ వలలో చిక్కుకుని ఉండడం, వదిన కొక్కెం వదలకముందే నేను చూశాను. ఆగమని అరవబోయాను. నోటినిండా నవ్వే ఉంది, మాట రాలేదు.