దొరసాని కత్తిరించనివ్వని ఫోటో

అమెరికాలో, మా మోరిస్‌విల్‌లో ఉండే ఓ ఇటలీ ముసలావిడను మా స్నేహితులు “మీ దొరసాని” అని నవ్వేవారు. ఒక రకంగా అది నిజమే. ఇటలీలో పెద్ద జమీందారీ వంశం ఆవిడది. చిత్తడి నేలలు ఎండగట్టి ఆస్తులు కూడబెట్టిన కుటుంబం. ఆవిడ మాత్రం పడుచు వయసులోనే కెమెరా భుజాన వేసుకుని ఇల్లు వదిలింది. దేశదేశాల్లో మిగిలిన చిత్తడి నేలలను ఫోటోలు తీస్తూ, వాటిని పూడ్చేవాళ్లతో పోట్లాడుతూ ముసలిదైంది. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో ఉడికిపోతున్న నేను, ఆవిడ ఫోటోలు కడిగే డార్క్‌రూమ్‌లో ఊరికే సాయం చేసేదాన్ని.

ఆవిడది ఒకటే పట్టు. ఫిల్ములో పడింది పడినట్టు, చుట్టూ నల్లటి అంచుతో సహా ప్రింటు వేయాలి. ఆ అంచు ఉంటే, ఏదీ కోసెయ్యలేదని చూసేవాళ్లకి తెలుస్తుంది. ఒకసారి ఓ ఫోటోలో మూలన పడ్డ చెత్తడబ్బా కత్తిరించేద్దామన్నందుకు పొద్దంతా నాతో మాట్లాడలేదు.

ఎనభై దాటాక, జీవితమంతా తీసిన ఫోటోలతో ప్రదర్శనకు సిద్ధమైంది. అదే చివరిదని ఇద్దరికీ తెలుసు. హాలు ఏర్పాటు చేసింది మా కాలనీ కట్టిన బిల్డరే. ఆఖరి ఫోటో మా ఇంటి వెనక మడుగుది. అందులో నీళ్లలో నిలబడ్డ చెట్లకి, కొట్టెయ్యడానికి గుర్తుగా కట్టిన రిబ్బన్లు కనిపిస్తాయి. బిల్డర్ మనిషి వచ్చి, ఆ రిబ్బన్లు కనిపించే ముక్క కత్తిరిస్తే బాగుంటుందని మర్యాదగా అడిగాడు.

“నేను పుట్టిన ఇంట్లో నచ్చనిదంతా గోడల వెనక దాచేవారు. అందుకే వచ్చేశాను,” అంది ఆవిడ.

హాలు పోయింది. నాకు ఒళ్లు మండింది. మా గ్యారేజీలో పెడదామన్నాను. మావారు నీరుగారిపోయారు.

“మన ఇల్లు కట్టింది కూడా వాళ్లే కదే. వీసా మీద ఉన్నాం, ఈ ఇష్యూస్ మనకెందుకు?”

“గ్యారేజ్ డోర్ మీరు ఓపెన్ చేస్తారా, నన్ను చేయమంటారా?” అన్నాను.

వేపుళ్ల కోసం పెట్టుకున్న స్టవ్వు, బియ్యం బస్తాలు ఓ పక్కకి నెట్టి గోడల నిండా ఫోటోలు తగిలించాం. దొరసాని మడత కుర్చీలో దర్జాగా కూర్చుంది. వీధి వీధంతా వచ్చింది. కాలనీ అసోసియేషన్ ఆయనా వచ్చి, ఆ ఒక్కటీ తీసెయ్యమన్నాడు. తీయనన్నాను. ఫైన్ వేస్తామన్నాడు. వేసుకోమన్నాను.

మడుగు దక్కలేదు. ఆ ఏడే పూడ్చేశారు. తరవాతి చలికాలంలో ఆవిడా పోయింది. ఓడిపోయారు కదా అంటారు కొందరు. నేనొప్పుకోను. ఆ ఫోటో మా హాల్లో ఉంది. వెనక కొత్త ఇళ్లవాళ్లు చాయ్‌కి వచ్చి, ఎంత బాగుందో, ఈ ప్లేస్ ఎక్కడని అడుగుతారు.

“అది మీ కిచెన్ అండీ,” అంటాను.