ఆళ్లగడ్డలో నా మూడు ముక్కల ఇంగ్లీషు

రెండో శనివారం, బడికి సెలవు. ఉదయం ఏడుంబావుకే నంద్యాల బస్టాండులో ఉన్నాను. సరదా ప్రయాణం కాదు. నా పాత విద్యార్థి మద్దిలేటి ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేశాడు.

“మేడం, కేరళ నుంచి ఒగ సారు వచ్చినాడు. వినాయకుని కోసరం పనికిరాని రాయి ఏరుకున్నాడు. వద్దంటే, మంచి రాయి యాడనో దాచిపెట్టినానని అనుకుంటాండాడు. రేపు పదికి వస్తాడు. మీరు ఇంగ్లీషులో చెప్పల్ల. లేకుంటే ఈ పని నా చేయి జారిపోతాది.”

వస్తానన్నాను గానీ, భయం పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. ముక్కూమొహం తెలియని మనిషితో మాత్రం ఆ భాషలో ఎన్నడూ మాట్లాడి ఎరగను. ఇది నేను కడుపులో దాచుకున్న సంగతి.

బస్టాండు ఎదుట వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆ ఘాటుకు భయం కాసేపు పక్కకు జరిగింది. ఏడు నలభైకి కడప ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. మీరు వెళ్తే ఎడమవైపు కిటికీ పట్టుకోండి, నల్లమల కొండలు తోడుగా వస్తాయి.

పక్క సీట్లో టమాటా బుట్టతో ఒక పెద్దామె.

“యాడికి పోతాండావమ్మా?”

ఎక్కడికో, ఎందుకో చెప్పాను. “ఇంగ్లీషు టీచరువు గదా, నీకదేం లెక్క?” అనేసి కునుకు తీసింది. నేను శిరివెళ్ల దాటేదాకా మనసులో వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను.

మాది పాణ్యం. నాయన కూలికి పోయేవాడు, అమ్మ చర్చి హాస్టల్లో వంటమనిషి. తెలుగు మీడియం చదువు. మా ఇంగ్లీషు మాస్టారు తప్పుకొక బెత్తం దెబ్బ వేసేవారు. అరచేతులు కాపాడుకోవడానికి డిగ్రీ దాకా నోరు కుట్టేసుకున్నాను. అందుకే నా క్లాసులో ఒకటే నియమం పెట్టాను: తప్పైనా సరే, మాట్లాడేవాణ్ని మధ్యలో ఎవరూ ఆపకూడదు. చెప్పడం అయ్యాకే దిద్దుకోవడం. నా పిల్లలు గలగలా తప్పులు మాట్లాడతారు, అది వింటే నాకు పండగ.

తొమ్మిదికి ముందే ఆళ్లగడ్డలో దిగాను. మద్దిలేటి టీ ఇప్పించి రెండు నల్లరాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒకదాని మీద సుత్తితో తట్టాడు, గంట మోగినట్టు మోగింది. రెండోది, బాగా నిగనిగలాడేది, డబ్‌మంది.

“లోపల పగులుండాది మేడం. తొండం కాడికి వచ్చేసరికి ఇరిగిపోతాది. ఆ సారు రంగు చూసినాడు, శబ్దం ఇనలే.”

పదికి ఆ పెద్దమనిషి వచ్చాడు. తెల్ల పంచె, ధారాళమైన ఇంగ్లీషు. మద్దిలేటి నన్ను “మై టీచర్” అని పరిచయం చేశాడు. బస్సులో కూర్చిన నా చక్కటి వాక్యం మొదలుపెట్టాను. సగంలో ‘గుల్ల శబ్దం’ అన్న మాట దగ్గర బండి ఆగిపోయింది. ఆయన గడియారం చూసుకున్నాడు.

మద్దిలేటి మెల్లగా అన్నాడు. “తప్పైనా పర్లేదు మేడం, చెప్పండి. ఈడ మధ్యలో ఎవురూ ఆపరు.”

పదో తరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పినవాడు నా పాఠం నాకే అప్పజెప్పాడు. నవ్వొచ్చింది, దాంతో నోరు పెగిలింది. మంచి రాయి చూపించి “దిస్ స్ట్రాంగ్” అన్నాను. నల్లగా నిగనిగలాడేదాన్ని చూపించి “దిస్ సిక్. ఇన్‌సైడ్ సిక్. ప్లీజ్ లిజన్” అన్నాను. వ్యాకరణం గాలికి పోయింది.

ఆయన సుత్తి తీసుకుని రెండింటినీ స్వయంగా తట్టాడు. చెవి ఆనించి మళ్లీ తట్టాడు. “ఓ, సిక్” అని తలూపి, మోగే రాయి మీద చెయ్యి వేశాడు. పని మద్దిలేటికే దక్కింది.

మధ్యాహ్నం వాళ్లింట్లో జొన్నరొట్టె, వంకాయ కూర. రెండున్నరకు బస్సెక్కిస్తుంటే అడిగాను. “ఆ మూడు ముక్కలు నువ్వూ చెప్పగలవు కదప్పా, నన్నెందుకు పిలిచావు?”

“నేనూ చెప్పినా మేడం, నమ్మలే. మీరంత పెద్ద టీచరమ్మ, అంత ఇదిగా తడబడితే నమ్మినాడు. మోసం చేసేటోళ్లు తడబడరు గదా.”

బస్సు కదిలింది. దారిలో నాలో నేనే నవ్వుకున్నాను. ఆళ్లగడ్డ వెళ్తే రాయిని ఊరికే చూసి రాకండి, తట్టి విని రండి. నేనైతే ఇరవై ఏళ్లకు నా నోరు ఎలా మోగుతుందో విని వచ్చాను. సోమవారం మొదటి పీరియడ్‌లో ఇదంతా పిల్లలకు ఇంగ్లీషులోనే చెబుతాను. నవ్వితే నవ్వనీ, మధ్యలో మాత్రం ఆపనివ్వను.